ఐదో సున్నా

1వ రోజు. అంకె: రాయలేదు.

ఈ పుస్తకంలో అంకె తప్ప మరేమీ రాయకూడదట. అట్ట మీదే అచ్చు వేశారు: "నొప్పికి రోజుకు ఒక అంకె. సున్నా నుంచి పది దాకా. మాటలు రాయరాదు." సరే, నేను మాటలే రాస్తాను. అంకె రాయను. ఏం చేస్తారో చేసుకోండి.

నా పేరు నూకరత్నం. నలభై మూడేళ్ళు. సముద్రపు కట్టలో నూట తొంభయ్యో అర మాది. తలుపు తీస్తే వరిచేలు, కిటికీ తీస్తే సముద్రం, మధ్యలో గోడ లోపల మా కాపురాలు. ఇరవై రెండేళ్ళుగా కట్ట తడుతున్నాను. నడుముకి తాడు కట్టుకుని సముద్రం వైపు దిగుతాను, కొయ్యసుత్తితో గోడని తడతాను, వింటాను. గట్టిగా పలికితే పక్కకి జరుగుతాను. డొల్లగా పలికితే నీలం సుద్దతో గీత గీస్తాను. గీత పడిన చోట గోడ తవ్వి చూసి తీరాలి, అది కట్ట నియమం. గోడ లోపల తీగలున్నాయి, బీట పడితే అవి చెబుతాయి. అవి చెప్పనివి మేం చెబుతాం.

నాకు కడుపులో నొప్పి. ఆరేళ్ళయింది. కుడివైపు, బొడ్డుకి మూడు వేళ్ళ అవతల, రెండు వేళ్ళ కింద. పక్క మీంచి లేచినా, దగ్గినా, తాడు మీద పక్కకి తిరిగి సుత్తి ఎత్తినా కత్తితో కెలికినట్టు ఉంటుంది. మిగతా వేళల్లో ఎవరో పనిలేక గిల్లుతున్నట్టు సన్నగా ఉంటుంది. నవ్వినా వస్తుంది. అందుకే నా తాడు పట్టే సింహాద్రి బాబాయ్ జోకులేస్తే నోటికొచ్చినట్టు తిడతాను.

ఇవాళ ఆరోగ్యశాలలో మూడోసారి అద్దం కింద పడుకున్నాను. చల్లటి బల్ల, పైన గాజుపలక. వెల్లకిలా పడుకోవాలి, పొట్ట వదులుగా పెట్టాలి, కదలకూడదు. పలక మీద మన పేగులు, కాలేయం అన్నీ రంగుల్లో కనిపిస్తాయి. చివర్లో జబ్బు ఎంతుందో ఒక అంకె పడుతుంది. నాకు మూడుసార్లూ ఒకే అంకె పడింది. పచ్చ రంగు సున్నా.

డాక్టర్ కౌండిన్య గారు గాజు తెర అవతల కూర్చుంటారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఎవర్నీ ముట్టుకోరు, అయినా చేతులకి తొడుగులుంటాయి. వెనక గోడ మీద "చెయ్యి తగలని వైద్యం" అని పెద్ద అక్షరాలు. మా అమ్మమ్మ కాలంలో ముట్టుకుంటే అంటుకునే పెద్దజ్వరం వచ్చినప్పుడు పెట్టిన నియమం అది. అప్పుడు ప్రాణాలు కాపాడింది, కాదనను. పెద్దజ్వరం పోయి యాభై ఏళ్ళయింది. నియమం మాత్రం అలాగే ఉంది.

"ఏమీ లేదు నూకరత్నం గారూ," అన్నారు.

"ఉందండి."

"అద్దంలో లేదు కదా."

"నేను అద్దంలో లేనండీ. ఇదిగో, ఇక్కడున్నాను."

ఆయన చూపు పలక మీంచి తిప్పలేదు. "ఇంట్లో దిగుళ్ళేమైనా ఉన్నాయా? మీవారు వేరే అరలో ఉంటున్నారని ఇక్కడ రాసుంది."

"ఆయన వేరే కాపురం పెట్టి తొమ్మిదేళ్ళండి. నొప్పి వచ్చి ఆరేళ్ళు. మూడేళ్ళు ఆలస్యంగా దిగులు పడ్డానంటారా? ఆయన వెళ్ళాక నాకు తలనొప్పి తగ్గింది. అది కూడా రాసుకోండి."

రాసుకోలేదు. ఈ పుస్తకం చేతిలో పెట్టి, పదో రోజున నాలుగోసారి అద్దం కిందికి రమ్మన్నారు. నాలుగోసారీ సున్నా వస్తే నా పేరు పక్కన "ఊహ" అని రాస్తారు.

ఊహ అంటే, లేని చోట ఉందనే మనిషి అని. అలాంటి మనిషి చేతికి సుత్తి ఇవ్వరు. ఇస్తే ఎక్కడపడితే అక్కడ గీతలు గీసి కట్టంతా తవ్విస్తుందని భయం. సుత్తి లాక్కుని విశ్రాంతి గదికి పంపిస్తారు. అక్కడిప్పుడు పద్నాలుగుమంది ఉన్నారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కొబ్బరిపీచు విడదీస్తూ, గట్టిగా మాట్లాడకుండా కూర్చుంటారు. మా పక్క అర చంద్రకాంతం అక్కడే ఉంది. నాకు సుత్తి పట్టుకోవడం నేర్పింది ఆవిడే.

2వ రోజు. అంకె: రాయలేదు.

ఈ ఆరేళ్ళలో ఆరోగ్యశాల మాట విని నేను మానేసినవి: పచ్చిమిర్చి, చింతపండు, ఎండురొయ్యలు, కందిపప్పు, వంకాయ, కాఫీ, ఎడమపక్కకి తిరిగి పడుకోవడం. మొదలుపెట్టినవి: మేకపాలు, గోరువెచ్చటి నీళ్ళు, రోజూ అరగంట కళ్ళు మూసుకుని మంచి ఆలోచనలు చెయ్యడం. మంచి ఆలోచనలన్నీ ఎండురొయ్యల గురించే వచ్చేవి.

ఇవాళ ఎండురొయ్యలు, వంకాయ వేసి పులుసు పెట్టుకుని కడుపునిండా తిన్నాను. నొప్పి ఎంత ఉండేదో అంతే ఉంది. పులుసు మాత్రం అదిరింది.

3వ రోజు. అంకె: రాయలేదు.

రెండువందల నాలుగో అర కింద తడుతున్నాను. పక్కకి తిరిగి సుత్తి విసరగానే నొప్పి పట్టేసింది. ఊపిరి అందలేదు. సుత్తి చేతి తాడుకి వేలాడిపోయింది. పైనుంచి సింహాద్రి బాబాయ్ తాడు బరువు తేడా కనిపెట్టి మాట్లాడకుండా పైకి లాగేశాడు. అరవై ఏళ్ళ మనిషి, ఇప్పటికీ చేతుల్లో ఆ బలం ఉంది.

కట్ట మీద కూలబడితే నీళ్ళ సీసా ఇచ్చి పక్కన కూర్చున్నాడు.

"అమ్మాయ్, నేనో మాట చెప్తాను, కోప్పడకు. పదో రోజున ఎళ్ళి, నొప్పి తగ్గిపోయిందండీ అని చెప్పేయ్. కేసు మూసేత్తారు. సుత్తి మిగులుద్ది."

"తగ్గలేదు కదా బాబాయ్."

"తగ్గలేదని నాకూ తెలుసు. నోటితో అనడానికేం పోయింది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా డొల్లని డొల్ల అంటూ బతికాను. ఒకసారి పై అధికారి అర కిందే గీత గీశాను, ఆయన ఎంత గింజుకున్నా చెరపలేదు. తవ్వితే మనిషి దూరేంత సొరంగం బయటపడింది. ఇప్పుడు నా ఒంట్లో డొల్ల నా చెవికే వినిపిస్తుంటే గట్టిగా ఉందని చెప్పాలా? అలా చెప్పి మిగుల్చుకున్న సుత్తితో నేనేం తట్టను? అదే మాట బాబాయ్‌తో అన్నాను.

"నీ ఇష్టం," అన్నాడు. "మంకుపట్టు మీ అమ్మదే వచ్చింది నీకు."

4వ రోజు.

ఆటు సమయంలో పని. సాయంత్రం బట్టలు ఉతుక్కున్నాను. బకెట్ ఎత్తినప్పుడు రెండుసార్లు ఏడ్చాను. ఏడుపు నొప్పికి కాదు, కోపానికి.

5వ రోజు. అంకె: రాయలేదు.

మేకపాలు మానేశానని చెప్పడానికి కట్ట మీదికి వెళ్ళాను. మా మేకలన్నీ అక్కడే గడ్డి మేస్తాయి. వాటిని చూసేది మరిడమ్మత్త. మా అమ్మకి వరసకి వదిన, డెబ్బైకి దగ్గరపడింది, నోటికి జడిసి మగాళ్ళు ఆ దారిన రారు.

నేను వెళ్ళేసరికి ఒక చూలు మేకని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పొట్ట నొక్కుతోంది. కళ్ళు మూసుకుని, పది వేళ్ళతో, పిండి తడిపినంత నెమ్మదిగా. "రెండున్నాయి. ఒకటి అడ్డం తిరిగింది," అని వదిలేసింది. మేకలకి అద్దం లేదు. మేకల కోసం అంత ఖర్చెవరు పెడతారు?

నేను అక్కడే గడ్డిలో వెల్లకిలా పడుకున్నాను.

"ఏంటే రత్నం, ఎండ దెబ్బ కొట్టిందా?"

"నన్ను మేకననుకో అత్తా. చూడు."

"నీకేమైనా పిచ్చా? మనిషికి చెయ్యేసి వైద్యం చేత్తే నా మేకల్ని లాగేసుకుంటారే!"

"నువ్వు వైద్యం చెయ్యకు. నొక్కు. ఆరేళ్ళయింది అత్తా, నా పొట్ట మీద ఇంకో మనిషి చెయ్యి పడలేదు. ఎక్కడ అని వేలు పెట్టి అడిగినవాడు లేడు."

అత్త అటూ ఇటూ చూసింది. చీర కొంగుకి చేతులు తుడుచుకుంది. తిట్టుకుంటూనే కూర్చుంది. ఆ చేతులు వెచ్చగా, గరుగ్గా ఉన్నాయి. పొట్టంతా జాగ్రత్తగా వెతికింది. కుడివైపుకి వచ్చేసరికి నేను కెవ్వుమన్నాను. అత్త ఒక్క వేలితో చుట్టూ నొక్కి చూసింది. ఇక్కడ లేదు, ఇక్కడ లేదు, ఇక్కడ! వేలికొనంత చోటు. దాని పక్కన అంగుళం దూరంలో నొక్కితే ఏమీ లేదు.

"లోపల గడ్డ లేదు, గట్టితనం లేదు. పేగు మెత్తగా ఆడుతోంది," అంది. "ఇక్కడ మటుకు వేలంత మేర ఏదో ఉందే. ఏంటో చెప్పలేను. ఊహ కాదు. ఊహయితే వేలంతే ఎందుకుంటాది?"

ఆ మాట అన్నందుకు అత్త కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. మేక నా జడ నమలడం మొదలుపెట్టింది. లేచి వచ్చేశాను.

6వ రోజు. అంకె: రాయలేదు.

నిన్న ఆటులో రెండువందల పన్నెండో అర కింద డొల్ల మోత విన్నాను. అలాంటప్పుడు వెంటనే గీత గీయం. పోటు వచ్చేదాకా ఆగి మళ్ళీ తడతాం. పోటులో సముద్రం వచ్చి గోడకి ఒరుగుతుంది, గోడ బిగుసుకుంటుంది. అప్పుడు డొల్ల మోత తగ్గిపోతే లోపం లోతుగా ఉన్నట్టు, బిగిసిన గోడ దాన్ని కప్పేస్తోందన్నమాట. అప్పుడూ అలాగే మోగితే, ఇంకా గట్టిగా మోగితే, లోపం లోపల లేదు, పై పూతలోనే ఉంది. ఈ పరీక్ష చంద్రకాంతం నాకు మొదటి రోజునే నేర్పింది. ఇప్పుడు నిద్రలో అడిగినా చెబుతాను.

ఇవాళ పోటులో దిగాను. తట్టాను. గట్టిగా మోగింది. పై పూతే. సుద్ద తీసి గీత గీయబోతూ పక్కకి తిరిగాను, పొట్ట బిగుసుకుంది, నొప్పి తన్నుకొచ్చింది.

సుద్ద చేతిలోంచి జారిపోయింది.

బిగిసినప్పుడు ఎక్కువవుతోంది. లేచినప్పుడు, దగ్గినప్పుడు, నవ్వినప్పుడు, తిరిగినప్పుడు. పొట్ట బిగిసిన ప్రతిసారీ ఎక్కువవుతోంది! అద్దం కింద వదులుగా పడుకుంటే దాదాపు ఉండటం లేదు. లోపల ఉంటే, బిగిసిన పొట్ట దాన్ని కప్పాలి కదా?

"లాగు బాబాయ్! లాగు!" అని అరిచాను. పడిపోతున్నాననుకుని పాపం ఆయన గుండె ఆగినంత పనైంది.

తాడు విప్పకుండానే మరిడమ్మత్త దగ్గరికి పరుగెత్తాను. గడ్డిలో పడుకున్నాను. "అత్తా, నిన్న నొక్కిన చోటే నొక్కు. ఇలా వదులుగా ఉన్నప్పుడు ఒకసారి. నేను తల పైకెత్తుతాను, పొట్ట బిగుస్తుంది, అప్పుడు వేలు తియ్యకుండా అలాగే ఉంచు."

వదులుగా ఉన్నప్పుడు నొప్పి. తలెత్తాను. అమ్మో! మేకలన్నీ చెల్లాచెదురైపోయాయి. అత్త వేలు చటుక్కున తీసేసింది.

"పై పూతలో ఉంది అత్తా!" నేను నవ్వుతున్నాను, నవ్వితే నొప్పి, నొప్పికి ఏడుపు. "లోపల కాదు! గోడలో ఉంది!"

ఆరేళ్ళుగా ఇల్లంతా దీపం పెట్టి వెతికారు. గోడ వైపు ఒక్కరూ చూడలేదు. అద్దానికి పేగులు కనపడితే చాలు. పొట్ట గోడ దాని దృష్టిలో పక్కకి తీసెయ్యాల్సిన గుడ్డ. వాళ్ళని అనడం దేనికి, గోడలు తట్టి బతికేదాన్ని, నా గోడ నేనే తట్టుకోలేదు.

అత్త గుడిసెలోంచి చిన్న సీసా తెచ్చింది. మేకపిల్లల కొమ్ములు మాడ్చేముందు సూదితో వేసే మొద్దుమందు. "ఆ చోటే వేత్తే ఆ చోటే మొద్దుబారుద్ది. పేగులకి దిగదు. అక్కడే ఉంటే తగ్గుద్ది, లోపలుంటే తగ్గదు. నీ బరువు రెండు మేకలు, అంతే లెక్క. వెయ్యనా?"

ఆ సీసాని చూస్తే నోరూరింది. ఆరేళ్ళ తర్వాత ఒక్క పూట హాయిగా ఉండొచ్చు. చీర జరిపి పొట్ట చూపించాను కూడా. అంతలో బుర్ర పనిచేసింది.

"వద్దత్తా. ఇక్కడ తగ్గితే ఎవరు నమ్ముతారు? తగ్గిందని ఊహించుకున్నావంటారు. నీ మేకలు పోతాయి, నా సుత్తి పోతుంది. దాచిపెట్టు. వాళ్ళందరి ముందూ వేయించుకుంటాను."

10వ రోజు. అంకె: రాయలేదు.

నాలుగోసారి అద్దం.

పడుకోకముందే డాక్టర్ గారికి చెప్పాను. వేలు ఎక్కడ పెట్టాలో, తల ఎప్పుడెత్తాలో, అంతా చెప్పాను. ఆయన విన్నారు, నిజం చెప్పాలి, ఈసారి పలక వైపు కాకుండా నా వైపు చూసి విన్నారు. తర్వాత, "నేను ముట్టుకోకూడదండీ," అన్నారు.

"అయితే నేను తలెత్తుతాను, అద్దాన్నే చూడమనండి."

తలెత్తాను. అద్దం టింగుమంది. "కదిలారు. పొట్ట వదులుగా పెట్టండి," అంది ఆడగొంతుతో. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ అదే మాట. ఏడుసార్లు ఎత్తాను. ఏడుసార్లూ ఆ గొంతులో అదే మర్యాద. దానికి బిగిసిన మనిషి అక్కర్లేదు, శవంలా పడుకున్న మనిషి కావాలి. ఎనిమిదోసారి నాకు ఓపిక లేకపోయింది. తల వాల్చేశాను.

సున్నా.

"క్షమించండి," అన్నారు డాక్టర్ గారు. ఇదివరకెప్పుడూ అనలేదు.

11వ రోజు. అంకె: రాయలేదు.

పొద్దున్నే భానోజీ గారు వచ్చారు. తట్టేవాళ్ళందరికీ పై అధికారి, పెద్దమనిషే, చెడ్డవాడని అనను. గుమ్మంలోనే నిలబడ్డారు.

"రత్నమ్మా, నాకూ బాధగానే ఉంది. సుత్తి ఇచ్చెయ్యి తల్లీ. విశ్రాంతి గదిలో ఏం లోటుండదు."

"ఇవ్వనండి. గంతల పరీక్ష అడుగుతున్నాను."

ఆయన మొహం చూడాలి! ఎవరైనా ఈ పరీక్ష అడిగి పదమూడేళ్ళయింది. తీగలు ఒకటి చెప్పి, తట్టే మనిషి ఇంకోటి చెబితే, ఆ మనిషి గంతలు అడగొచ్చు. కళ్ళకి గుడ్డ కట్టి, గిరగిరా తిప్పి, గోడ దగ్గరికి తెస్తారు. మూడుసార్లూ అదే చోట డొల్ల ఉందని చెప్పాలి. మధ్యలో మోసం కూడా చెయ్యాలి, అది నియమంలోనే ఉంది. ఎక్కడో ఒకసారి గట్టి గోడ దగ్గర నిలబెట్టి ఇదే ఆ చోటంటారు. అక్కడ డొల్ల ఉందన్నామా, సుత్తి పోయినట్టే. నెగ్గితే మాత్రం తీగలు ఏం చెప్పినా గోడ తవ్వాల్సిందే.

"అది గోడకి కదమ్మా," అన్నారు భానోజీ గారు.

"నా సుత్తి ఎందుకు లాక్కుంటున్నారు? గోడ మీద తప్పు చెప్పాననా?"

"కాదు. నీ ఒంటి మీద..."

"నా పొట్ట పేరు చెప్పి నా సుత్తి తీస్తున్నారు. అయితే నా పొట్టే గోడ. గంతలు కట్టండి. నొక్కేది డాక్టర్ గారు. మోసం కూడా ఆయన్నే చెయ్యమనండి, రెండు సూదులు వేస్తారు, ఒకదాంట్లో మందు, ఒకదాంట్లో ఉప్పునీళ్ళు. ఏది ముందో నాకు చెప్పొద్దు. ఉప్పునీళ్ళకి తగ్గిందన్నానా, సుత్తి మీ కాళ్ళ దగ్గర పెట్టి నేనే నడిచి పీచు విడదీయడానికి పోతాను."

భానోజీ గారు గడ్డం గోక్కున్నారు. "డాక్టరు ఒప్పుకోవాలి కదా," అన్నారు.

12వ రోజు.

డాక్టర్ ఒప్పుకున్నారట. గంతల పరీక్ష వైద్యం కాదు, కట్ట నియమం, అందులో ముట్టుకోవచ్చని అన్నారట. మొద్దుమందు, ఉప్పునీళ్ళు రెండూ ఆయన దగ్గరికే పంపించమన్నారట. సింహాద్రి బాబాయ్ వచ్చి, గంతలు తనే కడతానన్నాడు. "అబద్ధం చెప్పమన్నాను నిన్ను. సిగ్గేత్తంది," అన్నాడు. ఊరుకో బాబాయ్ అన్నాను. నాకు భయంగా ఉంది. మందుకి కూడా తగ్గకపోతే?

13వ రోజు. అంకె: కింద రాస్తాను.

ఆరోగ్యశాలలో జనం ఇరుక్కుని నిలబడ్డారు. తట్టేవాళ్ళు పదకొండుమంది, భానోజీ గారు, కొంగు నడుముకి దోపుకుని మరిడమ్మత్త. తలుపు దగ్గర విశ్రాంతి గది వాళ్ళు కూడా కొందరు. చంద్రకాంతం గోడకి ఆనుకుని నిలబడింది. ఎవరు రానిచ్చారో తెలీదు.

డాక్టర్ గారు గాజు తెర పక్కకి తోసి ఇవతలికి వచ్చారు. ఇంతవరకు ఆయన్ని నడుము పైకే చూశాను. పొట్టి మనిషి. తొడుగులు తీశారు. చేతులు ఎండ ఎరగనంత తెల్లగా ఉన్నాయి.

"నేను ఇంతవరకూ ఎవర్నీ ముట్టుకోలేదండి," అన్నారు మెల్లిగా.

"ముట్టుకోండి బాబూ. కరవను."

బాబాయ్ గంతలు కట్టాడు. బల్ల మీద పడుకోబెట్టి, బల్లకి చక్రాలున్నాయి కాబట్టి దాన్నే తిప్పారు. ఎటు తల, ఎటు కాళ్ళో తెలియలేదు. పొట్ట మేర బట్ట తీశాను. ఆయన నొక్కడం మొదలుపెట్టారు. ఎడమ. పైన. కింద. "లేదు. లేదు. లేదు." కుడివైపు అంచున. "లేదు." తర్వాత ఒక్కసారిగా అక్కడ! అరిచాను. "తలెత్తండి," అన్నారు. ఎత్తాను. ఇంకా గట్టిగా అరిచాను. బాబాయ్ సుద్దతో చుక్క పెట్టాడు. మళ్ళీ బల్ల తిప్పారు. మళ్ళీ అంతా వెతికారు. మూడు విడతలు.

"మూడు చుక్కలూ ఒకదాని మీద ఒకటే పడ్డాయండి," అన్నాడు బాబాయ్.

"ఇంత చిన్న చోటా?" అన్నారు డాక్టర్ గారు, తనలో తను.

మొదటి సూది దిగింది. కాసేపు ఆగమన్నారు. గంతల కింద చీకటి. ఇక్కడ నిజం రాయాలి. తగ్గిందనిపించింది. తగ్గాలని ఎంత కోరిక ఉందంటే, సన్నటి చల్లదనం నిజంగానే పాకుతున్నట్టు అనిపించింది. అవునని అనడానికి నోరు తెరిచాను. ఆగాను. తట్టకుండా గీత గీయకూడదు. తలెత్తాను.

కత్తి. అదే కత్తి, అదే చోట.

"తగ్గలేదు," అన్నాను.

ఎవరో నిట్టూర్చారు. అది మందే అయితే నా పని అయిపోయినట్టే. లోపలెక్కడో ఉందన్నమాట, లేదా ఎక్కడా లేదన్నమాట. కావాలంటే ఇప్పుడు కూడా, కొంచెం తగ్గిందండీ అనొచ్చు. "తగ్గలేదు," అన్నాను మళ్ళీ, ఇంకా గట్టిగా. "రాసుకోండి."

రెండో సూది దిగింది. నేను అంకెలు లెక్కపెట్టుకున్నాను, ఈ పుస్తకంలో రాయని అంకెలు. రెండువందల దగ్గర డాక్టర్ గారి వేలు మళ్ళీ వచ్చి అక్కడ ఆగింది. ఒత్తిడి తెలుస్తోంది. వేలు తెలుస్తోంది. అంతే.

"తలెత్తండి."

ఎత్తాను. భుజాలు ఎత్తాను. మోచేతులు ఆనించకుండా లేచి కూర్చున్నాను. ఆరేళ్ళలో మొదటిసారి పక్కటెముకలు పట్టుకోకుండా కూర్చున్నాను. గంతలు నేనే పీకేశాను.

"లేదు!" అన్నాను. "లేదండి! బాబాయ్, ఒక జోకు చెప్పు!"

ముసలాయన ఏడుస్తున్నాడు, జోకేం చెబుతాడు. నేను ఊరికే నవ్వాను. పొట్ట పట్టుకోకుండా, ఎగిరెగిరి నవ్వాను.

డాక్టర్ గారు మొదటి సిరంజి చూపించారు. "ఇది ఉప్పునీళ్ళు," అన్నారు అందరికీ వినపడేలా. తర్వాత భానోజీ గారి వైపు తిరిగి, "నొప్పి పొట్ట కండరంలో ఉంది. నరం ఒకటి అందులోంచి దూరి వచ్చే చోట నొక్కుకుపోయింది. అద్దం అక్కడ చూడదు. తప్పు ఆవిడది కాదు," అన్నారు. నేను బల్ల పక్కన పెట్టిన సుత్తిని భానోజీ గారు రెండు చేతులతో పట్టుకుని నాకిచ్చారు.

నా ఫైల్లో నాలుగు సున్నాలూ కొట్టేస్తానన్నారు డాక్టర్ గారు. వద్దన్నాను. "ఉండనివ్వండి. వాటి పక్కనే కారణం రాయండి. తర్వాత ఇక్కడ కూర్చునేవాళ్ళు చూడాలి, ఒకే మనిషికి నాలుగుసార్లు ఎలా తప్పారో."

ఇక అంకె. పదమూడు రోజులుగా అడుగుతున్నారు కదా, తీసుకోండి. సున్నా. ఇది అద్దం వేసింది కాదు, నేను వేసుకున్నది.

14వ రోజు. అంకె: ఐదు.

పొద్దున్న ఆరేసిన బట్టలు తీస్తుంటే తిరిగొచ్చింది. వస్తుందని డాక్టర్ గారు ముందే చెప్పారు. మందు కొన్ని గంటలే ఉంటుంది, మళ్ళీ మళ్ళీ వేసి చూద్దాం, లొంగకపోతే ఆ నరాన్నే కోసేద్దాం అన్నారు. ఇంతవరకు ఎవరికీ కొయ్యలేదట. నేర్చుకోండి అన్నాను, నేనెక్కడికీ పోవడం లేదు.

పని ముగించుకుని విశ్రాంతి గదికి రమ్మని డాక్టర్ గారు కబురు పెట్టారు. అక్కడున్న పద్నాలుగుమందినీ చేత్తో చూస్తారట, వేలు ఎక్కడ పెట్టాలో, తల ఎప్పుడెత్తించాలో పక్కనుండి చెప్పమన్నారు. అందరికీ గోడలోనే ఉంటుందని నేననను. కొందరికి లోపలుండొచ్చు, కొందరికి మనసులోనే ఉండొచ్చు. ఎక్కడుందని ముట్టుకుని అడగాలి కదా. చంద్రకాంతాన్ని మొదట చూడమంటాను.

ఈలోగా పోటు వచ్చింది. ఆ రోజు సుద్ద జారిపోయిన రెండువందల పన్నెండో అర కింద గీత ఇంకా బాకీ ఉంది. నడుముకి తాడు కట్టుకుని దిగాను. పైనుంచి బాబాయ్, "నొప్పుందా అమ్మాయ్?" అని అరిచాడు.

"ఉంది బాబాయ్!" అని నేనూ అరిచాను. "ఐదు!"

"సరే, మెల్లిగా తట్టు!" అన్నాడు. తగ్గిందని చెప్పమనలేదు.

పక్కకి తిరిగాను. కుడివైపు, బొడ్డుకి మూడు వేళ్ళ అవతల, రెండు వేళ్ళ కింద. వచ్చావా, అన్నాను. సుత్తి ఎత్తాను.